ఫోను పోయింది, ఆఫీసు మిగిలింది

మైక్రోసాఫ్టు మొబైల్లో ఓడిపోయినా ఎలా నిలబడింది అంటే, అందరూ ఠక్కున సత్య నాదెళ్ల పేరు చెప్తారు. మనవాడు కదా! కానీ ఐప్యాడ్ మీదికి ఆఫీస్ తెచ్చే పని బామర్ హయాంలోనే మొదలైంది. 2014 మార్చిలో దాన్ని విడుదల చేసింది మాత్రం నాదెళ్ల. నా ఉద్దేశ్యంలో అసలు మలుపు అదే.

నోకియా ఫోన్ల వ్యాపారం 2014 ఏప్రిల్లో చేతికొచ్చింది. 2015 జులైకల్లా సుమారు 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేశారు, 7,800 దాకా ఉద్యోగాలు తీసేస్తున్నామన్నారు. ఫోను బాగానే ఉండేది లెండి. జనం లేరని డెవలపర్లు రాలేదు, యాప్‌లు లేవని జనం కొనలేదు.

మా గుర్రంకొండలో టమాటా రేటు ఫోన్లో చూసుకునే రైతుకి ఏ ఓఎస్ అయినా ఒకటే. కంపెనీలో ఐటీ మేనేజరుకి అలా కాదు. మెయిలు, లాగిన్, లైసెన్సు, ఆడిట్ అన్నీ ఒక్కచోట ఉండాలి, అది ఎవరి ఫోనైనా సరే. మైక్రోసాఫ్టు పట్టుకున్నది ఈయన్నే.

టీమ్స్‌ని ఆఫీస్‌తో కలిపి అంటగట్టడం మాత్రం నాకు నచ్చలేదు. స్లాక్ 2020లో యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేసిందీ అందుకే. చాలా కంపెనీలు టీమ్స్ తీసుకున్నది అది బాగుందని కాదు, బిల్లులో ముందే ఉందని.