కళాశాల వెబ్‌సైటు: మన చేతి పని

ఉర్దూ, తెలుగు లిపులు రెండింటిలో వెలువడే మన వార్షిక సంచిక ఏడాది తిరిగేసరికి బీరువాలో చేరుతుంది. తన అన్నగారి నాటి వ్యాసం చదువగోరే విద్యార్థి గ్రంథాలయం తాళం తీసేవరకు వేచి ఉండవలసిందే. పాత సంచికలన్నింటికీ ఒక వెబ్‌సైటు కావాలనుటలో భేదాభిప్రాయం ఉండదు. దానిని కంపైల్ చేసే భాషలో, మన విద్యార్థుల చేతనే, చిన్నదిగా నిర్మింపజేయాలని మా అభిప్రాయం.

కంపైల్ చేయడమంటే ఏమిటో రెండు భాషల మధ్య మెలగే మనకు సులభంగానే బోధపడుతుంది. సభలో వక్త పలికే ప్రతి వాక్యాన్నీ దుబాసి అప్పటికప్పుడు అనువదించడం ఒక పద్ధతి. ప్రసంగాన్నంతా ముందే అనువదించి, తప్పులు దిద్ది, పుస్తకంగా చేతికందించడం మరొక పద్ధతి. స్థూలంగా చెప్పాలంటే పీహెచ్‌పీ, పైథాన్‌లది మొదటి దారి. సి, గో, రస్ట్ భాషలది రెండవది. పుస్తకం సిద్ధమైన పిదప దుబాసితో పని లేదు.

వీటిలో ‘గో’ మనకు తగినదని తోస్తున్నది. గూగుల్ సంస్థ దీనిని 2009లో ప్రకటించింది. దీని రూపకర్తలు ముగ్గురిలో ఇద్దరు, కెన్ థాంప్సన్, రాబ్ పైక్, 1992లో యూటీఎఫ్-8 అనే సంకేత విధానాన్ని కల్పించినవారు. నేడు తెలుగు, ఉర్దూ ఒకే పుటలో ఇముడుతున్నవంటే యూనికోడ్‌తో పాటు ఆ విధానమే ఆధారం. ‘తెలుగు’ అనే మాటలో మన కంటికి కనిపించేవి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు. నిల్వలో 18 బైట్లు. ఉర్దూ లిపిలో ‘ఉర్దూ’ అనే మాటకు నాలుగు వర్ణాలు, 8 బైట్లు. శీర్షిక పొడవైనదని బైట్ల లెక్కన తుంచితే తెలుగు అక్షరం మధ్యలో తెగి, తెరపై అర్థం లేని గుర్తు మిగులుతుంది. సంకేతాలను విడివిడిగా లెక్కించే సదుపాయం గో భాషలో ఉన్నది. కాని గుణింతం హల్లు నుండి విడిపోకుండా చూడడం తెలుగు వచ్చిన విద్యార్థి పనే. కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూ పుటను సరిచూడడం ఉర్దూ వచ్చిన విద్యార్థి పని.

మన ప్రాంతపు అనుభవం ఇంకొకటి ఉన్నది. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల పిమ్మట కోనసీమలో కొన్ని దినాలు ఇంటర్నెట్ నిలిచిపోయింది. ఆ జూలైలోనే గోదావరి వరద లంక గ్రామాలను ముంచెత్తింది. అటువంటి వేళ ఎక్కడో ఉన్న సర్వరు మనకు అందదు. గో భాషలో పుటలను, బొమ్మలను, నస్తాలీఖ్ అక్షరాల ఫాంటును సైతం ప్రోగ్రాముతో కలిపి ఒకే ఫైలుగా మలచే సదుపాయం 2021లో వచ్చింది. ఆ ఫైలును కళాశాలలోని పాత కంప్యూటరులో నడిపితే, బయటి ఇంటర్నెట్ లేకున్నా ఆవరణలోని వైఫైతో అందరూ చదువవచ్చు. పెన్‌డ్రైవులో ఇంటికి తీసుకొనిపోయి, తన కంప్యూటరులోనూ తెరువవచ్చు. విండోస్‌కు ఒకటి, లినక్స్‌కు ఒకటి చొప్పున ఒకే మూలం నుండి తయారు చేసుకొంటే చాలును.

సిద్ధంగా దొరికే సాధనాలుండగా ఈ శ్రమ ఎందుకని కొందరు ప్రశ్నింపవచ్చు. కేవలం చదువుటకైతే ప్రోగ్రామే అక్కరలేదు, హెచ్‌టీఎంఎల్ పుటలు చాలును. రచయిత పేరుతో, సంవత్సరంతో వెదకవలెనంటేనే ప్రోగ్రాము కావాలి. మార్పు చేసినప్పుడెల్లా మరల కంపైల్ చేయవలసి రావడం ఇబ్బందే. అయితే ఏడాదికొకసారి వచ్చే సంచికకు అది భారం కానేరదు. పైగా కంపైలరు కఠినుడైన పరీక్షకుడు. వాడని చరరాశిని ప్రకటించినా గో ఊరకొనదు. ఆ క్రమశిక్షణ విద్యార్థికి ఉద్యోగంలోనూ అక్కరకు వస్తుంది.

డబ్బిచ్చి బయట చేయించిన సైటు, చేసినవారు తిరిగి చూడకపోతే మూగబోతుంది. విద్యార్థులు వ్రాసినది మరుసటి తరగతివారు చదివి దిద్దగలరు. కనుక ఒక పాత కంప్యూటరును, వారానికి రెండు గంటల ప్రయోగశాల సమయాన్ని, రెండు భాషల విద్యార్థులు కలిసిన ఒక చిన్న బృందాన్ని ఈ పనికి కేటాయించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుతున్నాము. విద్యార్థి మిత్రులు ఆ బృందంలో చేరుటకు ముందుకు రావాలి. మొదట ఒక్క సంచికతో ఆరంభిద్దాము.