మూడు ఆరోపణలు, ఒక జూరీ

అమెరికాలోని మినియాపొలిస్ నగరమున 2020 మే 25వ తేదీన జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతి పౌరుని మెడపై మోకాలు మోపి, 9 నిమిషముల 29 సెకండ్ల కాలము కదలకుండిన పోలీసు ఉద్యోగి డెరెక్ షావిన్‌పై నడచిన హత్యాభియోగము ఆ దేశపు న్యాయస్థానముల మెట్లన్నియు ఎక్కి దిగినది. 2023 నవంబరు 20వ తేదీన అమెరికా సుప్రీముకోర్టు అతని అప్పీలును స్వీకరింప నిరాకరించుటతో, రాష్ట్ర న్యాయస్థానపు తీర్పుపై నేరుగా అప్పీలు చేసికొను దారి మూసికొనినది. శిక్ష న్యాయమైనదే యని మా యభిప్రాయము. అధికారము చేతనున్నవాడు నిస్సహాయుని చంపినపుడు శిక్ష పడుట యెంత యవసరమో, దాని నెవ్వరును వేలెత్తి చూపజాలని విధమున విధించుటయు నంత యవసరము. ఈ రెండవ కార్యమున నగరాధికారులును రాజకీయ నాయకులును చూపిన తొందరపాటే మా కాక్షేపణీయముగా దోచుచున్నది.

మొదట ఆరోపణల సంగతి. మరణించినవా డొక్కడే కాగా ముద్దాయిపై మోపినవి మూడు. దౌర్జన్యముగా దెబ్బగొట్టు నేరము చేయుచు, చంపు తలంపు లేకయే, ప్రాణము తీయుట రెండవ తరగతి హత్య. దానికి చట్టములోని గరిష్ఠశిక్ష 40 సంవత్సరములు. మనుష్యప్రాణమును లెక్కసేయని క్రూరచిత్తముతో మిగుల నపాయకరమైన పనిచేసి ప్రాణము తీయుట మూడవ తరగతి హత్య; దానికి 25. గర్హింపదగిన యజాగ్రత్తచే ప్రాణము పోగొట్టుట రెండవ తరగతి నరహత్య; దానికి 10. ఒక్క చావునకు మూడు నేరములేమి, ఇది వలపై వల పన్నుట గాదా యని ముద్దాయి పక్షమువారు గోలపెట్టిరి. ఈ వాదమున పస లేదు. జూరీ ప్రతి యారోపణకును వేర్వేరుగా జవాబు చెప్పవలెను. అన్నియు రుజువైనను శిక్ష పడునది ఒక్కదానికే. 2021 ఏప్రిలు 20వ తేదీన పండ్రెండుగురు జూరరులును ఏకగ్రీవముగా మూడింటను దోషి యనిరి. జూను 25వ తేదీన న్యాయాధిపతి పీటర్ కేహిల్ రెండవ తరగతి హత్యకు మాత్రమే 22 సంవత్సరముల 6 మాసముల శిక్ష విధించెను. పలు ఆరోపణలున్నపుడు, మనస్సు కుదుటపడని జూరరులు బేరమాడుకొని నడిమి నేరముపై రాజీపడుదురను భయము కలదు. మూడింటను దోషి యన్నచోట ఆ భయమునకు తావులేదు.

అయినను ఆ మూడవ తరగతి హత్య కథ విచిత్రమైనది. ఆ నిబంధన పలువురకు అపాయము కలిగించు పనికే గాని యొక్కనిపై చేసిన పనికి వర్తింపదని కేహిల్ 2020 అక్టోబరులో దానిని కొట్టివేసెను. 2021 ఫిబ్రవరిలో వేరొక పోలీసు ఉద్యోగి కేసున అప్పీలుకోర్టు, వర్తించుననెను. దానిని బట్టి ప్రాసిక్యూషనువారు పట్టుబట్టగా, జూరీ నెన్నుకొనుట మొదలైన తరువాత, మార్చి 11వ తేదీన ఆ యారోపణ మరల లోనికి వచ్చినది. తుదకు సెప్టెంబరు 15వ తేదీన మినెసోటా సుప్రీముకోర్టు, ఒక్కనినే గురిచేసిన పనికి అది వర్తింపదని తేల్చివేసినది! శిక్ష వేరొక నేరమునకు పడియుండుటచే షావిన్ కారాగారవాసమున ఒక్క దినమైనను తగ్గలేదు. తమ కేసు గట్టిదని నమ్మినవారు ఊతకర్రకై యింతగా దేవులాడనేల?

ఇంతకంటె బరువైనది జూరీ సంగతి. జూరీ ఎన్నిక జరుగుచుండగనే మార్చి 12వ తేదీన నగరపాలక సంఘము ఫ్లాయిడ్ కుటుంబమునకు 2 కోట్ల 70 లక్షల డాలర్ల పరిహారము ప్రకటించినది. అంతకు ముందే యెన్నుకొనబడినవారిని న్యాయాధిపతి మరల పిలిచి ప్రశ్నింపగా, ఇరువురు ఇక నిష్పక్షపాతముగా నుండజాలమనిరి, వారిని తొలగించిరి. ఏప్రిలు 11వ తేదీన సమీపమునందే మరియొక నల్లజాతి యువకుడు పోలీసు తుపాకికి బలియై, ఊరంతయు అట్టుడికినట్లుడికినది. జూరీని జనసంపర్కము లేక విడిగా నుంచవలెనని ముద్దాయి పక్షమువారు కోరగా కేహిల్ ఒప్పుకొనలేదు. ఉభయపక్షముల తుదివాదములు ముగియువరకును జూరరులు రాత్రులయందు తమ యిండ్లకే పోవుచుండిరి. కాంగ్రెసు సభ్యురాలు మాక్సీన్ వాటర్స్, దోషి యని తీర్పు రానిచో ప్రజలు మరింత తీవ్రముగా ఎదిరింపవలెనని పలికెను. ఈ మాటలు ముద్దాయికి అప్పీలులో అక్కరకు రావచ్చునని న్యాయాధిపతియే విసుగుకొనెను.

విచారణను వేరొక జిల్లాకు మార్చలేదను ఆక్షేపణను మాత్రము మేమొప్పము. ఆ దృశ్యమును చూడని పల్లె రాష్ట్రమున నెచ్చటనున్నది? జూరీని విడిగా నుంచుట వేరు మాట. అది న్యాయాధిపతి చేతిలోని పనియే.

మన దేశమునను ఇట్టి పరీక్ష జరిగినది. 1959లో బొంబాయిలో నౌకాదళపు కమాండరు నానావతి తన భార్య ప్రియుని కాల్చిచంపిన కేసులో, అతనిపై పీనలు కోడు 302వ సెక్షను క్రింద హత్యయు, 304వ సెక్షను మొదటి భాగము క్రింద నరహత్యయు ఆరోపించిరి. 'బ్లిట్జ్' వారపత్రిక అతని పక్షమున డప్పు కొట్టుచుండగా, తొమ్మండుగురు జూరరులలో ఎనమండుగురు నిర్దోషి యనిరి. సెషన్సు జడ్జి ఆ తీర్పునకు సమ్మతింపక కేసును హైకోర్టునకు నివేదించెను. హైకోర్టు యావజ్జీవశిక్ష విధింపగా 1961 నవంబరు 24వ తేదీన సుప్రీముకోర్టు స్థిరపరచినది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో జూరీకి చోటే లేదు. మనము రోగముతో కూడ అవయవమును ఖండించితిమి. జూరీ విచారణ యచ్చటి రాజ్యాంగమే యిచ్చిన హక్కగుటచే అమెరికావారి కా వీలు లేదు. అచ్చటి పౌరులైన మన తెలుగువారును జూరీపిలుపు నందుకొనువారే గనుక ఇది మనకు బొత్తిగా పరాయి సంగతియు గాదు.

జూరీ తప్పనిచోట దానిని కాపాడు భారము ప్రభుత్వముదే. పరిహారము ప్రకటించిన దినమునకును తీర్పు వెలువడిన దినమునకును నడుమ గడచినవి 39 దినములు. ఆ సొమ్ము నియ్యదగదని మేమనము. ఆ కుటుంబమునకు అది చెల్లవలసినదే. ఆ మాత్రము దినములు నోరు మూసికొని యుండలేకపోవుటకు నగరపాలకుల కేమి తొందర వచ్చినదో, ఆ తొందర వలన ముద్దాయి వకీలునకు అప్పీలులో ఉచితముగా నొక అస్త్రము దొరకునని వారి న్యాయసలహాదారులలో నొక్కరికైనను తట్టకపోవుట యెట్లో, మాకు బోధపడకున్నది.