ధ్వనిని చెవితో నేర్వవలెను

భౌతికశాస్త్ర పాఠమున ధ్వనితరంగమును నల్లబల్లపై గీయుదురు. విద్యార్థి దానిని చూచును, పరీక్షలో మరల గీయును, కాని వినడు. వినదగిన దానిని చూపి సరిపెట్టుట ఈ బోధనలోని పెద్ద లోపము. ఆ లోపమును తీర్చగల సాధనములలో అనలాగ్ సింథసైజరు ఒకటి.

1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్, స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్ సహకారముతో, తన తొలి నమూనాను నిర్మించెను. వోల్టేజితో ధ్వనిని శాసించుట అందలి కీలకము. మూగ్ పద్ధతిలో ఒక వోల్టు పెరిగినచో శ్రుతి ఒక స్థాయి పైకెక్కును. సెకనుకు 220 కంపనములు 440 అగును.

ఆసిలేటరు ధ్వనిని పుట్టించును. ఫిల్టరు దానిని వడగట్టును. ఆంప్లిఫయరు దాని బిగ్గరతనమును శాసించును. 110 కంపనముల రంపపుపంటి తరంగములో 220, 330, 440 మొదలుగా గుణిజములన్నియు నుండును. చదరపు తరంగములో 330, 550 వంటి బేసి గుణిజములు మాత్రమే యుండును. అందుచేతనే మొదటిది కరకుగాను, రెండవది బోలుగాను వినిపించును. ఫిల్టరును క్రమముగా మూసినచో పై నాదములు సన్నగిల్లి, తుదకు దాదాపు శుద్ధమైన ఏకనాదము మిగులును. అదే ధ్వని తటాలున లేచి మెల్లగా అణగినచో మీటిన తంత్రిని, మెల్లగా లేచి నిలిచినచో కమాను తీసిన ఫిడేలును తలపించును.

మీట నొక్కినంతనే వందలాది సిద్ధధ్వనులు లభించుచుండగా ఈ శ్రమ యేలయని కొందరందురు. సిద్ధధ్వని కచేరీకి చాలును, చదువునకు చాలదు. గైడులోని జవాబును వల్లించినవానికి లెక్క వచ్చినదనగలమా? తొలిదినములలో విద్యార్థి పాటల జోలికి పోక, ఒక్క ఆసిలేటరుతో కూర్చుండవలెను. మీట త్రిప్పుటకు ముందే ఏమి వినబడునో చెప్పి, పిమ్మట త్రిప్పి సరిచూచుకొనవలెను. ఊహను తన చెవితోనే పరీక్షించుకొను ఈ అలవాటు శాస్త్రమునకు తొలిమెట్టు.

యంత్రము ఖరీదైనదనుట నిజమే. కాని దానిని అనుకరించు కంప్యూటరు ప్రోగ్రాములు కొన్ని ఉచితముగనే దొరకుచున్నవి. మన దేశమునకు ఇది క్రొత్తయు కాదు. 1969లోనే అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో డేవిడ్ ట్యూడర్ మూగ్ యంత్రమును నెలకొల్పెను. అదియు లేనిచోట తంబురా కలదు. తంత్రి క్రింది నూలుపోగును జరుపగా శ్రుతి మారదు, నాదగుణము మారును. ఉపాధ్యాయుడు దానిని ఒక్కమారు తరగతిలో వినిపించినచో, నల్లబల్లపై గీత అప్పుడు అర్థవంతమగును.