ఇన్‌స్పెక్షన్ నోట్ లేని తాయెత్తులు

నేను ముప్పై ఆరేళ్ళు రక్షణ ఖాతాల శాఖలో పనిచేశాను. తుపాకీ పట్టలేదు, సరిహద్దు చూడలేదు. నా యుద్ధమంతా బిల్లులతోనే. బూట్లు కొన్నా, బ్యాటరీలు కొన్నా, సరఫరాదారు బిల్లు నా టేబుల్ మీదికొస్తే నేను చూసేవి మూడే. ఏం కావాలని ఆర్డరులో రాశాం? వచ్చిన సరుకు అదేనని పరీక్షించి సంతకం పెట్టిందెవరు? స్టోర్సులో చేరినట్టు రసీదేది? ఇన్‌స్పెక్షన్ నోట్ లేకపోతే బిల్లు వచ్చిన దారినే వెనక్కి పోయేది. ఎంత పెద్దమనిషి చెప్పినా సరే, "నన్ను నమ్మండి సార్" అనే మాట వోచరు కాదు.

రిటైరయ్యాక నాకు తెలిసొచ్చిందేమిటంటే, ఆఫీసులో ఈ మూడు ప్రశ్నలూ వేసినవాళ్ళే ఇంటికొచ్చాక ఒక్కటి కూడా వెయ్యరు.

సికింద్రాబాదులో మేం పొద్దున్నే నడిచే పార్కు గేటు దగ్గర ఆ మధ్య ఒక కుర్రాడు టేబుల్ వేసుకుని కూర్చున్నాడు. సెల్‌ఫోన్ వెనక అంటించే స్టిక్కరు ఆరువందలు. మెడలో వేసుకునే నల్లటి లాకెట్టు నాలుగున్నర వేలు. "ఇది క్వాంటం ఎనర్జీ అంకుల్, నెగెటివ్ అయాన్లు వదుల్తుంది, ఫోన్ రేడియేషన్‌ని తొంభై తొమ్మిది శాతం ఆపేస్తుంది" అన్నాడు. అనడమే కాదు, చేసి చూపించాడు. ఒకాయన్ని చెయ్యి పక్కకి చాపమని పైనుంచి నొక్కితే చెయ్యి కిందికి దిగిపోయింది. లాకెట్టు వేసి మళ్ళీ నొక్కితే దిగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆహా అన్నారు.

నాతోపాటు పనిచేసిన మిత్రుడొకాయన అక్కడికక్కడే రెండు లాకెట్లు కొన్నాడు. ఒకటి తనకి, ఒకటి పురిటికొచ్చిన కూతురికి. ఆయన భక్తుడు కాదు. కోవూర్ పుస్తకాలు చదివినవాడు. అరచేతిలో కర్పూరం వెలిగించి, గాల్లోంచి విభూతి తీసి పల్లెటూళ్ళలో ప్రదర్శనలిచ్చినవాడు. నలభై ఏళ్ళు ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టి జీతం తీసుకున్నవాడు! "ఇదేమిటండీ?" అంటే, "ఇది సైన్సు కదండీ, తాయెత్తు కాదుగా. అమ్మాయి కడుపుతో ఉంది, ఫోన్ చేతిలోంచి దించదు. రిస్కెందుకు?" అన్నాడు.

మిత్రులారా, ఈ వ్యాసం ఆ కుర్రాడి మీద కాదు. మన మీద. పురోహితుడు ఇచ్చిన తాయెత్తుని మనం ప్రశ్నిస్తాం. ప్లాస్టిక్ డబ్బాలో, హోలోగ్రామ్ ముద్రతో, జీఎస్టీ బిల్లుతో వస్తే కళ్ళకద్దుకుంటాం!

ముందు ఆ చెయ్యి సంగతి చూద్దాం. మర్నాడు నేను అదే పని ఐదు రూపాయల బిళ్ళతో చేసి చూపించాను. మొదటిసారి మణికట్టు దగ్గర, కాస్త బయటివైపుకి లాగుతూ నొక్కాను. రెండోసారి కొంచెం మోచేతివైపు జరిగి, శరీరంవైపు నెట్టుతూ నొక్కాను. పైగా రెండోసారికి అవతలి మనిషి ముందే బిగదీసుకుని ఉంటాడు. ఐదు రూపాయల బిళ్ళకీ అంతే శక్తి వచ్చింది! ఇలాంటి విద్యతోనే పవర్ బ్యాలన్స్ అనే రబ్బరు కడియాలు ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. 2010 డిసెంబరులో ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ గట్టిగా అడిగేసరికి, తమ మాటలకు నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదని ఆ కంపెనీయే ఒప్పుకుని డబ్బు తిరిగిస్తామంది.

ఇక స్టిక్కరు లెక్క. ఫోన్ పనిచేసేదే రేడియో తరంగాలతో. స్టిక్కరు నిజంగా తొంభై తొమ్మిది శాతం ఆపితే మాట అవతలికి చేరడమే కష్టమవుతుంది. సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ ఊరుకోదు, టవర్‌ని అందుకోవడానికి తన పవరు పెంచుకుంటుంది. ఏమీ ఆపకపోతే స్టిక్కరు దండగ. ఆపితే ఫోన్ మరింత పవరు వాడుతుంది. ఇందులో మనకి జమ ఎక్కడుంది? రెండు పద్దులూ ఖర్చు కిందే పోయాయి.

అసలు భయానికి ఆధారం ఉందా? రేడియేషన్ అనగానే హిరోషిమా గుర్తొస్తుంది. ఆ మాటకొస్తే ట్యూబ్‌లైటు వెలుగూ రేడియేషనే. ఎక్స్‌రే, గామా కిరణాల కణానికి అణువులోంచి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టే శక్తి ఉంటుంది, అందుకే అవి డీఎన్ఏని దెబ్బతీస్తాయి. మన ఫోన్లు మాట్లాడుకునే 900 మెగాహెర్ట్జ్ నుంచి 3500 మెగాహెర్ట్జ్ తరంగాల కణానికి, కంటికి కనిపించే వెలుగు కణం శక్తిలో లక్షో వంతు కూడా లేదు. అవి చేయగలవని రుజువైన పని, ఒంటిని కొద్దిగా వేడిచేయడం. ఆ వేడికి కూడా హద్దు ఉంది. 2012 సెప్టెంబర్ 1 నుంచి మన దేశం ఫోన్లకు కిలోకు 1.6 వాట్ల పరిమితిని, ఒక గ్రాము కణజాలం మీద సగటు కట్టే కచ్చితమైన లెక్కతో అమల్లోకి తెచ్చింది. చాలా ఫోన్లలో స్టార్, హాష్, సున్నా, ఏడు, హాష్ నొక్కితే ఆ అంకె తెరమీద కనపడుతుంది. ఇది వోచరు. చూడ్డానికి పైసా ఖర్చు లేదు.

"మరి ప్రపంచ ఆరోగ్య సంస్థే క్యాన్సర్ రావచ్చు అందిగా?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2011 మే నెలలో ఆ సంస్థ క్యాన్సర్ విభాగం రేడియో తరంగాలను 2బి తరగతిలో పెట్టింది. ఆ తరగతికి అర్థం, ఆధారం పరిమితంగా ఉంది, కాదని తోసెయ్యలేం అని. కలబంద ఆకు మొత్తంగా తీసిన రసం కూడా ఆ తరగతిలోనే ఉంది. దాన్ని ఆరోగ్యానికని పరగడుపున తాగేవాళ్ళు మా పార్కులోనే డజనుమంది ఉన్నారు! ఆ తర్వాత పరిశోధన ఆగిపోలేదు. అదే సంస్థ కోరగా నిపుణులు 1994 నుంచి 2022 దాకా వచ్చిన 63 అధ్యయనాలను జల్లెడపట్టి 2024లో ఫలితం ప్రకటించారు. ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనబడలేదు. రేపు కొత్త ఆధారం వస్తే లెక్క మారుతుంది, మారాలి కూడా. కానీ ఆధారం వచ్చేలోపు జాగ్రత్త కావాలనుకునేవాళ్ళకి ఇయర్‌ఫోన్ ఉంది, స్పీకర్ ఉంది. ఫోన్ నాలుగు అంగుళాలు దూరం జరిపితే తరంగాల తాకిడి బాగా తగ్గుతుంది. దూరానికి ఎమ్మార్పీ లేదు కాబట్టి దాన్ని ఎవరూ అమ్మరు.

2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షుడు వల్లభ్‌భాయ్ కథీరియా ఆవుపేడతో చేసిన చిప్ విడుదల చేశారు. ఫోన్ రేడియేషన్ తగ్గిస్తుందన్నారు. దాని పేరు గోసత్వ కవచ్. ప్రయోగం ఎక్కడ చేశారు, ఆధారాలు చూపండి అని వందలమంది శాస్త్రవేత్తలు ఆయనకి లేఖ రాశారు. మనమందరం నవ్వుకున్నాం. నవ్వడం తప్పు కాదు. కానీ పేడ చిప్‌కి నవ్వి, "జర్మన్ టెక్నాలజీ" స్టిక్కరుకి ఆరువందలు ఇచ్చినవాడిది హేతువాదం కాదు, ప్యాకింగు మీద మోజు. ఆడిటర్‌కి పేడా ఒకటే, క్వాంటమూ ఒకటే. ఇన్‌స్పెక్షన్ నోట్ ఏది?

"పోనీ, నష్టమేముంది? మనశ్శాంతి కదా" అనేవాళ్ళ కోసం ఇక అసలు సంగతి. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ దేశపు అణుభద్రతా సంస్థ పది వస్తువుల జాబితా ప్రకటించింది. 5జీ నుంచి రక్షణ, నెగెటివ్ అయాన్లు అంటూ అమ్మిన లాకెట్లు, కడియాలు, నిద్రలో కళ్ళకు కట్టుకునే గంతలు, ఆఖరికి చిన్నపిల్లల కడియం కూడా అందులో ఉన్నాయి. పరీక్షిస్తే అవే రేడియోధార్మిక వస్తువులని తేలింది! ఫోన్ తరంగాల్లాంటివి కావు, అసలైన అయొనైజింగ్ రేడియేషన్. మోతాదు తక్కువేగానీ, ఏళ్ళతరబడి రాత్రింబవళ్ళు ఒంటికి తగిలించుకుంటే హాని జరగొచ్చు, వెంటనే తీసి పక్కన పెట్టండి అని ఆ సంస్థ ప్రజలను హెచ్చరించింది. ఇలాంటి "అయాన్" సరుకుల్లో థోరియం ఉన్న ఖనిజాల పొడి కలపడం కొత్త కాదు. మోనజైట్ అలాంటి ఖనిజమే, మన భీమునిపట్నం సముద్రపు ఇసుకలోనూ ఉంటుంది. ఇసుకలో ఉంటే ఇసుక. గుండెలమీద రోజంతా వేలాడదీసుకుంటే సంగతి వేరు.

మా మిత్రుడు కొన్న లాకెట్టు అలాంటిదేనా? అలాంటిదేనని నేననను, ఆధారం లేకుండా అంటే నేనూ ఆ కుర్రాడూ ఒకటే. కాదని కూడా ఎవరూ అనలేరు. డబ్బా మీద అందులో ఏముందో లేదు, తయారుచేసినవాడి చిరునామా లేదు, పరీక్షించినవాడి సంతకం లేదు. లేని ప్రమాదానికి భయపడి, ఏముందో తెలియని వస్తువుని గర్భిణి మెడలో వేశాం. రిస్కెందుకు అన్నాడు కదా, ఇదీ రిస్కు!

ఇది ఇళ్ళతో ఆగిపోయే రోగం కాదు. ప్రభుత్వాలు ప్రశ్న మానేస్తే ఏమవుతుందో ఇరాక్ చూపించింది. జేమ్స్ మెక్‌కార్మిక్ అనే బ్రిటిష్ వ్యాపారి ఏడీఈ 651 అని బాంబులు పసిగట్టే యంత్రం అమ్మాడు. పిడికి ఒక యాంటెన్నా పుల్ల, లోపల పనిచేసే ఎలక్ట్రానిక్స్ శూన్యం. పోయిన గోల్ఫ్ బంతుల్ని వెతకడానికని ఇరవై డాలర్ల లోపు అమ్మే బొమ్మే దీనికి మూలం. ఇరాక్ ఇలాంటివాటికి కోట్ల డాలర్లు పోసింది. బాగ్దాద్ చెక్‌పోస్టుల్లో సైనికులు ఆ పుల్ల పట్టుకుని కార్లు తనిఖీ చేస్తుంటే బాంబులు నగరంలోకి వెళ్ళిపోయాయి. 2013లో మెక్‌కార్మిక్‌కి పదేళ్ళ జైలు పడింది. అయినా ఆ పుల్లలు చెక్‌పోస్టుల్లోనే ఉన్నాయి. 2016 జులైలో కరాదా పేలుడులో మూడువందల మందికి పైగా చనిపోయాకే వాటిని తీసెయ్యమని ప్రధాని ఆదేశించాడు.

అలాంటిదే జీటీ200ని థాయ్‌లాండ్ సైన్యం కొంది. 2010లో అక్కడ పరీక్ష పెట్టారు. నాలుగు పెట్టెలు, ఒకదాంట్లో పేలుడు పదార్థం, ఏదో చెప్పాలి. ఇరవైసార్లలో యంత్రం నాలుగుసార్లు సరిగ్గా చెప్పింది. కళ్ళు మూసుకుని చెప్పినా సగటున ఐదు రావాలి! అంత తేలికైన పరీక్ష కొన్న తర్వాత కాక, కొనేముందు పెట్టి ఉంటే? డబ్బు సంగతి అటుంచండి, ప్రాణాలు మిగిలేవి. మా శాఖలో ఆబ్జెక్షన్ రాసినప్పుడల్లా "గుమాస్తా బుద్ధి" అని విసుక్కునేవారు. ఆ గుమాస్తా బుద్ధి విలువ బాగ్దాద్‌లో అడగాలి.

ఇంతా రాసి నా సంగతి దాచడం న్యాయం కాదు. నేనూ ఒకసారి పడ్డాను. ప్లగ్గులో పెడితే కరెంటు బిల్లు తగ్గిస్తుందన్న పవర్ సేవర్ పదిహేనువందలు పోసి తెచ్చాను. వారం పెట్టి, వారం తీసి, మీటరు రీడింగు పుస్తకంలో రాశాను. ఎండ ముదిరిన రోజు ఎక్కువ, చల్లబడిన రోజు తక్కువ, అంతే. విప్పి చూస్తే ఒక కెపాసిటరూ, ఒక ఆకుపచ్చ దీపమూ. కెపాసిటర్ సరిచేసేది పవర్ ఫ్యాక్టర్‌ని. మన ఇళ్ళ మీటర్లు లెక్కపెట్టేది యూనిట్లని. ఆ రెండిటికీ పొంతన లేదు. బీకాం చదివినవాణ్ణి, కొనేముందు ఎందుకు అడగలేదు? దీపం వెలుగుతోంది కదా, పనిచేస్తోందనుకున్నాను. గుళ్ళో దీపం చూసి దేవుడున్నాడనుకునేవాడికీ నాకూ తేడా ఏమిటో మీరే చెప్పండి.

చట్టం లేక కాదు. 1954 నాటి మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టం "మాయచికిత్స" అంటే ఏమిటో చెబుతూ తాయెత్తు, మంత్రం, కవచం అని పేరుపెట్టి మరీ రాసింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకి పది లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. ఫిర్యాదుకి 1915కి ఫోన్ చేస్తే చాలు. అదే ఫోన్‌తో! రాజ్యాంగం 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుడి విధి అంది. సైన్సు పరికరం కొనుక్కోవడం విధి అనలేదు. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నంత మాత్రాన తలలో సైన్సు ఉన్నట్టు కాదు.

1963లో కోవూర్ అద్భుతాలు చేసేవాళ్ళకి లక్ష రూపాయల సవాలు విసిరాడు. నా పెన్షన్‌కి అంత స్తోమత లేదుగానీ, ఇలాంటి సరుకులు అమ్మేవాళ్ళకి నాదీ చిన్న సవాలు. పది డబ్బాలు తెండి. ఐదింటిలో మీ లాకెట్టు, ఐదింటిలో ఐదు రూపాయల బిళ్ళ పెట్టి సీలు వేద్దాం. చెయ్యి నొక్కేవాడికీ, నొక్కించుకునేవాడికీ దేంట్లో ఏముందో తెలియకూడదు. ఏది ఏదో పదికి పదీ సరిగ్గా చెబితే పది లాకెట్లు పూర్తి ధరకి కొంటాను.

మొన్న మిత్రుడింటికి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయే అడిగింది, "అంకుల్, దీంట్లో ఏముంటుంది?" అని. "డబ్బా మీద రాయలేదమ్మా" అన్నాను. ఒక నిమిషం ఆలోచించి, మెడలోంచి తీసి బల్లమీద పెట్టింది. వాళ్ళ నాన్న నాతో ఆ పూట సరిగ్గా మాట్లాడలేదు. ఆయన మెడలోది మాత్రం ఇంకా అలాగే ఉంది. నా ఆబ్జెక్షన్ మెమోకి జవాబు పెండింగ్.