బండి కుదిపితే షాకులే మార్చాలా?

"అప్లికేషన్ సరిగ్గా పనిచెయ్యట్లేదు" అని ఒక్క లైను రాసి టికెట్ పడేసే యూజర్ని మనమెవరం క్షమించం. ఏ స్క్రీన్లో, ఏం నొక్కితే, ఏ ఎర్రర్ వచ్చింది, ప్రతిసారీ వస్తోందా లేక ఎప్పుడో ఒకసారా అని పది ప్రశ్నలేసి టికెట్‌ని తిరిగి అతని మొహానే కొడతాం. అదే మనం ఒక సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొనుక్కుని మెకానిక్ దగ్గరికెళ్ళి ఏం చెప్తాం? "అన్నా, బండి బాగా కొడుతోంది." అంతే! అతను బండి కిందకి వంగి కూడా చూడకుండా "షాకులు పోయినయ్ సార్, నాలుగూ మార్చాలె" అంటాడు. మనం తలూపి బయటికొచ్చి, వీళ్ళంతా దొంగలని పక్కవాడితో అంటాం.

నా మట్టుకు నాకు ఇందులో దొంగతనం కంటే అలవాటే ఎక్కువ కనిపిస్తోంది. ఆ అలవాటుని పెంచి పోషిస్తున్నది కూడా మనమే. ఎలాగంటారా? మా మామ బండి సంగతి చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది.

మాది జనగామ దగ్గర పల్లెటూరు. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, పత్తి డబ్బులు చేతికి రాగానే తొమ్మిదేళ్ళ పాత డీజిల్ బండి ఒకటి కొన్నాడు. ఏడు సీట్లది. కంపెనీ పేరెందుకు లెండి, ఈ కథలో కంపెనీ తప్పేమీ లేదు. కొనడానికి కారణం ఒక్కటే. అత్తయ్యకి నడుములో డిస్కు సమస్య. పదిహేను రోజులకోసారి హైదరాబాద్ తీసుకెళ్ళి చూపించాలి. బస్సు ఎక్కి దిగడం ఆవిడకి కష్టం. తీరా బండి కొన్నాక, రెండు ట్రిప్పులకే "నేను బస్సులనే పోత, ఇండ్ల నాతోని కాదు" అనేసింది.

మా ఊరి నుంచి జనగామ దాకా మామూలు మండలం రోడ్డు, గతుకులది. అక్కడ కుదిపిందంటే సరే అనుకోవచ్చు. జనగామ నుంచి హైదరాబాద్ దాదాపు 85 కి.మీ., 163వ నంబరు జాతీయ రహదారి. పెంబర్తి దాటాక ఆలేరు, భువనగిరి మీదుగా అంతా నాలుగు లైన్లు. ఆ రోడ్డు మీద కూడా నడుము పట్టేస్తోందంటే తప్పు రోడ్డు మీదకి తొయ్యలేం.

మామ ఇద్దరు మెకానిక్కులకి చూపించాడు. ఒకాయన నాలుగు షాకులూ మార్చాలన్నాడు. ఇంకొకాయన షాకులతో పాటు ముందు వైపు కింది ఆర్మ్‌లు, బుష్‌లు కూడా మార్చేద్దాం, ఒకేసారి పనైపోతుంది అన్నాడు. లెక్క ముప్పై వేలు దాటింది. మామ నాకు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది: "అల్లుడా, గిన్ని పైసలు పెడితె మీ అత్తకు నడుం నొయ్యదని ఈళ్ళు రాసిస్తరా?"

ఇంత మంచి ప్రశ్న మా ప్రాజెక్టు రివ్యూల్లో కూడా నేను వినలేదు. ఏం మార్చాలో అందరూ చెప్తున్నారు, ఎందుకో ఒక్కరూ చెప్పట్లేదు.

అసలు 'కుదుపు' అన్న ఒక్క మాటలో నాలుగైదు రకాల జబ్బులున్నాయి. వాటిని విడదీస్తే సగం పని అయిపోయినట్టే.

ఊపు: స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఒక్కసారి లేచి కుదుటపడాలి. అలా కాకుండా రెండు మూడు సార్లు పైకీ కిందకీ ఊగితే అప్పుడు షాకుల్ని అనుమానించాలి. షాకబ్జార్బర్ బండి బరువు మొయ్యదండీ. మోసేది స్ప్రింగు. స్ప్రింగు మొదలుపెట్టిన ఊపుని ఆపడం షాకు పని. అందుకే షాకు అరిగిపోయిన బండి మామూలుగా పడవలా ఊగుతుంది.

వణుకు: 80, 90 స్పీడు దగ్గర స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్ చూడాలి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే బ్రేకు డిస్కులు చూడాలి.

చప్పుడు: చిన్న చిన్న గతుకుల్లో టకటకమంటే లింక్ రాడ్లు కావచ్చు. పెద్ద గుంతలో దబ్బుమంటే బుష్‌లో, షాకు పైనుండే మౌంటులో.

గట్టిదనం: ఊగదు, వణకదు, చప్పుడుండదు. కానీ రోడ్డు మీదున్న ప్రతి గులకరాయీ సీట్లోకి తెలుస్తుంది. దీనికి చూడాల్సినవి టైర్లలో గాలి, టైర్ల వయసు, రిమ్ముల సైజు, ఆ తరవాత స్ప్రింగులు.

మామ బండిది ఈ ఆఖరి రకం. అంటే మెకానిక్కులు రాసిన మందుకీ, బండి చూపిస్తున్న లక్షణానికీ పొత్తు కుదరట్లేదన్నమాట.

ఆ శనివారం నేను ఊరెళ్ళాను. మనకి తెలిసిన విద్యే కదా.. ముందు సమస్యని మళ్ళీ మళ్ళీ రప్పించగలగాలి, తరవాత ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా రెండు కిలోమీటర్లు, 40 స్పీడు, బండిలో ఇద్దరమే. నడిమి సీటు ముందు నేల మీద ఫోన్‌ని టేపేసి అతికించి, కుదుపుల్ని నమోదు చేసే యాప్ ఒకటి ఆన్ చేశాను. మామ నన్నొక పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. ఆ మొదటి రికార్డుతోనే తరవాతవన్నీ పోల్చుకోవాలి.

ఇదేమీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు కనిపెట్టిన విద్య కాదు లెండి. రోల్స్ రాయిస్‌లో పనిచేసి 1930లో కాడిలాక్‌కి వెళ్ళిన మారిస్ ఆలీ అనే ఇంజనీరు ఇదే చేశాడు. ఒక కారుకి ముందూ వెనకా జరపగలిగే బరువులు పెట్టి, ఒక్కోటీ మారుస్తూ, ప్రతి మార్పుకీ కూర్చున్నవాళ్ళకి ప్రయాణం ఎలా అనిపిస్తోందో చూశాడు. ఈరోజు కార్లలో మనం అనుభవించే సుఖానికి పునాది అలాంటి ప్రయోగాలే.

మరుసటి రోజు పొద్దున్నే, బండి కదలకముందు గాలి చూశాం. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన కంపెనీ అంటించిన స్టిక్కర్ మీద 32 పీఎస్ఐ అని ఉంది. నాలుగు టైర్లలోనూ 44 ఉంది! పంక్చర్ షాపులో 'పెద్ద బండి కదా' అని కొట్టేసి ఉంటారు. గాలి చల్లగా ఉన్నప్పుడే చూడాలన్న సంగతి చాలామంది పట్టించుకోరు. వేడి సుమారు 5, 6 డిగ్రీలు పెరిగితే టైరులో ఒక పీఎస్ఐ పెరుగుతుంది. మన ఎండల్లో, అదీ హైవే మీద గంట నడిపొచ్చి చూస్తే ఆ లెక్కకి అర్థమే లేదు. 32కి తెచ్చి అదే రోడ్డు మీద మళ్ళీ తిప్పాం. తేడా ఫోన్లోనూ తెలిసింది, నడుముకీ తెలిసింది. కానీ పూర్తిగా పోలేదు.

తరవాత టైర్లు. పైకి గాళ్ళు బాగానే ఉన్నాయి. కానీ టైరు పక్కన డాట్ అక్షరాలున్న వరుస చివర్లో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని అర్థం. మామ బండి టైర్లు బండితో పాటు పుట్టినవే. తిరగని టైరు అరక్కపోవచ్చు గానీ, రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడుతూనే ఉంటుంది. టైర్ల కంపెనీలే అయిదేళ్ళు దాటితే ఏటా చూపించుకోమనీ, పదేళ్ళు దాటితే తీసెయ్యమనీ చెప్తాయి.

మూడోది చూడ్డానికి బండి ఎత్తాలి కాబట్టి జనగామలో ఇంకో కుర్ర మెకానిక్ దగ్గరికెళ్ళాం. "ఏదీ మార్చొద్దు తమ్మీ, ముందు చూసి చెప్పు" అన్నాను. అతను గంటసేపు ఓపిగ్గా చూశాడు. షాకుల మీద ఆయిల్ కారిన మరకల్లేవు. గతుకుల రోడ్డు మీద తిప్పుకొచ్చి చేత్తో తాకితే నాలుగూ దాదాపు ఒకేలా వెచ్చగా ఉన్నాయి (కుదుపుని వేడిగా మార్చడమే షాకు పని, అందుకని పనిచెయ్యనిది చల్లగా ఉండిపోతుంది). బుష్‌లు, బాల్ జాయింట్లు గట్టిగానే ఉన్నాయి. చివరికి వెనక స్ప్రింగుల దగ్గర ఆగి నవ్వాడు. చుట్టల మధ్య లావుపాటి రబ్బరు బఫర్లు ఇరికించి ఉన్నాయి. వెనక లోడేసినప్పుడు బండి కూర్చుంటోందని పాత ఓనర్ పెట్టించుకుని ఉంటాడు. అవి ఉన్న మేరకి చుట్టలు నొక్కుకోవు, స్ప్రింగు బిగుసుకుపోతుంది.

దీనికీ అత్తయ్య నడుముకీ సంబంధం ఉంది. మామూలు కారు బాడీ తన స్ప్రింగుల మీద సెకనుకి ఒకటీ ఒకటిన్నర సార్లు ఊగేలా తయారుచేస్తారు. అది మనిషికి పడే ఊపు. కూర్చున్న మనిషి ఒంటికి బాగా తగిలేది సెకనుకి 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు కుదుపు. స్ప్రింగు గట్టిపడేకొద్దీ, టైరు రాయిలా మారేకొద్దీ ఆ పడని కుదుపు లోపలికి ఎక్కువగా వచ్చేస్తుంది.

బఫర్లు తీయించాం. వెనక ఎత్తు రెండువైపులా కొలిస్తే సమానంగానే ఉంది, బండి కుంగిపోలేదు. తరవాతి వారం మామ నాలుగు టైర్లు కొత్తవి వేయించాడు. కాబట్టి ఖర్చు లేకుండా పోలేదు, కానీ పెట్టిన ప్రతి రూపాయికీ కారణం ఉంది. బాగున్న షాకులు బాగానే ఉండిపోయాయి. అత్తయ్య ఇప్పుడు బండిలోనే వెళ్తోంది. నడుం నొప్పి పోయిందని చెప్పను, అది డాక్టరు చూడాల్సిన సంగతి. బండి దాన్ని పెంచట్లేదు, అంతవరకే.

ఇక నేను చెప్పదల్చుకున్న ముక్క. ఆ కుర్రాడికి గంటసేపు చూసినందుకు అయిదొందలు ఇవ్వబోతే తీసుకోలేదు. "పార్టేం వెయ్యలే గదన్నా, పైసలెందుకు?" అన్నాడు. బలవంతంగా జేబులో పెట్టాల్సొచ్చింది.

అక్కడుంది అసలు రోగం! డాక్టరు మందులు రాయకపోయినా ఫీజు కడతాం. మనం నాలుగు రోజులు లాగులు చదివి ఒక్క లైను మారిస్తే, క్లయింటు నాలుగు రోజులకీ డబ్బులిస్తాడు. మెకానిక్‌కి మాత్రం చూసినందుకు పైసా ఇవ్వం, మార్చినందుకే ఇస్తాం. "గాలి తగ్గించుకో, బఫర్లు పీకెయ్" అన్నవాడికి మిగిలేది సున్నా. "నాలుగు షాకులూ మార్చు" అన్నవాడికి షాపు అద్దె వెళ్తుంది. అతని స్థానంలో మనమున్నా షాకులే అంటాం. నిజం చెప్పినవాడు నష్టపోయే పద్ధతి పెట్టుకుని, నిజం చెప్పట్లేదని తిట్టుకోవడం ఏం న్యాయం?

అన్ని బండ్లూ ఇంత చవగ్గా తేలతాయని కాదు. బాల్ జాయింట్ ఊగుతున్నా, స్ప్రింగు విరిగినా, టైరు పక్కన బుడిపె వచ్చినా ప్రయోగాలు చెయ్యకుండా వెంటనే మార్చాలి. మెత్తగా ఉంటుందని స్టిక్కర్ మీదున్న దానికంటే గాలి తగ్గించి హైవే ఎక్కితే టైరు వేడెక్కి పేలిపోగలదు. బొలెరోలాగా వెనక కమాన్ పట్టీలున్న బండ్లు లోడు కోసం పుట్టినవి, ఖాళీగా నడిపితే కొంచెం ఎగురుతాయి. అది జబ్బు కాదు, పుట్టుక. ఇక మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్ల సంగతి సరేసరి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే 10 సెంటీమీటర్ల ఎత్తుకి 3.7 మీటర్ల వెడల్పుండాలని రాసిపెట్టింది. మన దగ్గర అదే ఎత్తు గోడలా లేస్తుంది. దానికి ఏ మెకానిక్కూ ఏం చెయ్యలేడు.

కానీ మిగతా సందర్భాల్లో చెయ్యగలిగింది మన చేతుల్లో ఉంది. ఏ రోడ్డు మీద, ఏ స్పీడులో, ఎలాంటి కుదుపో రాసుకుని వెళ్దాం. గాలీ, టైర్ల తేదీ ఇంట్లోనే చూసుకుందాం. మెకానిక్‌తో ముందే "చూసి చెప్పు, ఏమీ లేదని తేల్చినా సరే, ఇంత ఇస్తాను" అని మాట్లాడుకుందాం. మీ ఊళ్ళో చూసినందుకు డబ్బులు తీసుకుని నిజం చెప్పే మెకానిక్ ఉంటే మాత్రం వదులుకోకండి, మాక్కూడా కాస్త చెప్పండి!