బడి తెరిచే తేదీ ఎవరి చేతిలో?

మా నార్త్ కరోలినాలో మామూలు క్యాలెండర్ నడిపే ప్రభుత్వ బడులు ఆగస్టు 26కు దగ్గరి సోమవారం కంటే ముందు తెరవకూడదు, జూన్ 11కు దగ్గరి శుక్రవారం దాటకూడదు. ఇలాంటి పరిమితి 2004 నాటి రాష్ట్ర చట్టంతో మొదలైంది.

పర్యాటక వ్యాపారులకు ఆగస్టు రాబడి ముఖ్యమే, కాదనను. కానీ ఆలస్యంగా తెరవడం వల్ల హైస్కూలు పిల్లలకు మొదటి సెమిస్టర్ పరీక్షలు క్రిస్మస్ సెలవులు దాటిపోతున్నాయి. ఆ సెలవుల్లో ఇండియా వెళ్లినా పుస్తకాలు మోసుకెళ్లాల్సిందే. వేసవిలో మనం అక్కడ దిగేసరికి తెలుగు రాష్ట్రాల్లో బడులు తెరిచేస్తారు. అమ్మమ్మగారింట్లో మన పిల్లలకు ఈడు పిల్లల తోడు దొరకదు.

తేదీ నిర్ణయం స్థానిక స్కూల్ బోర్డులకే వదలాలని నా అభిప్రాయం. ఓటున్నవాళ్లం మన శాసనసభ్యులకు రాద్దాం. ఓటు లేనివాళ్లు కూడా బోర్డు సమావేశాలకు వెళ్లి మాట్లాడవచ్చు.