వెనీలా అంబర్‌లో లోబాన్ వాసన

ఈద్‌కి మా పెద్దోడు ఒంగోలు నుంచి ఒక సెంటు సీసా తెచ్చుకున్నాడు. మీద ‘వెనీలా అంబర్’ అని ఉంది. వాసన చూసి, "ఏం బేటా, బేకరీలో నౌకరీ దొరికిందా?" అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికే ఇది రాస్తున్నాను.

మా అబ్బా జుమ్మాకి బయల్దేరే ముందు దూది ఫాయాకి అంబర్ అత్తరు అద్ది చెవిలో పెట్టుకునేవారు. "ఇది సముద్రంలో తిమింగలం ఇచ్చిన ఖుష్బూ" అనేవారు. కొత్తపట్నం ఒడ్డున పెరిగిన నేను ఎప్పటికైనా అంబర్ ముక్క కొట్టుకొస్తుందని ఇసకంతా వెతికేవాణ్ణి.

అసలు అంబర్ స్పెర్మ్ తిమింగలం కడుపులో పుడుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో దాన్ని దగ్గర పెట్టుకోవడం, అమ్మడం నేరం. కాబట్టి ‘అస్లీ అంబర్’ అని ఎవరైనా చెవిలో చెబితే జేబు జాగ్రత్త. సీసాల మీద కనిపించే అంబర్ చాలామటుకు ఒక మేళవింపు: లాబ్డానమ్ అనే చెట్టు బంక, వెనీలా, మన లోబాన్. వెనీలాలోని వాసన ముఖ్యంగా వెనిలిన్‌ది. జర్మనీలో 1874లోనే దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. 1925లో పారిస్‌లో గెర్లాన్ కంపెనీ వెనీలా, అంబర్ కలిపి చేసిన సెంటుకి మొగల్ బాదుషాల తోట పేరు పెట్టింది: షాలిమార్. అంటే ఈ వాసన మనకి మరీ పరాయిది కాదు.

మర్నాడు ఫజర్ తర్వాత మణికట్టు మీద ఒక్కసారి కొట్టుకున్నాను. రుద్దలేదు. రుద్దితే మొదటి వాసన తొందరగా పోతుంది. పావుగంట దాకా పంచదార పాకమే. జొహర్‌కి తీపి తగ్గి బంక వాసన పైకొచ్చింది. అసర్ తర్వాత సరుగుడు తోట దాటి సముద్రం ఒడ్డుకి వెళ్లి, ఉప్పుగాలిలో చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. జుమేరాత్ మగ్రిబ్ వేళ ఫాతిహాకి అమ్మీ నిప్పుల మీద లోబాన్ వేసిన గది గుర్తొచ్చింది. గుర్తు రావడంలో వింత లేదు. మంచి లోబాన్‌లో వెనిలిన్ సహజంగానే ఉంటుంది.

ఐబులూ ఉన్నాయి. ఇందులో లోబాన్ తీపి ఉంది గానీ పొగ లేదు, ఆ చేదు లేదు. మన ఉక్కపోతలో చెమటతో కలిస్తే బరువెక్కుతుంది. చలికాలానికి, రాత్రి వలీమా దావత్‌కి బాగుంటుంది. ఎండాకాలం జుమ్మాకి రెండుసార్లు కొట్టుకుంటే సఫ్‌లో పక్కవాడికి తలనొప్పి. ప్రవక్త (స) ఖుష్బూని ఇష్టపడ్డారు. పచ్చి వెల్లుల్లి తిని మస్జిద్‌కి రావద్దనీ చెప్పారు. పక్కవాడి ముక్కుకీ హక్కుంది. స్ప్రేలోని ఆల్కహాల్ గురించి ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. మనసొప్పనివాళ్లకి ఇదే రకం వాసన నూనె అత్తరుగా దొరుకుతుంది.

నేను చెప్పేది ఒక్కటే. సీసా మీద పేరు చూసో, మూత తీయగానే వచ్చే వాసన చూసో ఫైసలా చేయకండి. ఒక పూట ఒంటి మీద ఉండనివ్వండి. పిల్లలు తెచ్చినదైతే రెండు పూటలు.

అబ్బా ఫాయాలో తిమింగలం లేదని ఇప్పుడు నాకు దాదాపు యకీన్. ఆయన చెవి దగ్గర నేను పీల్చింది కూడా లోబానే అయ్యుంటుంది. వాడికి సారీ చెప్పాను. చలికాలం రానీ, ఆ సీసా నేనే అడిగి తీసుకుంటాను.